సప్లై బోటులో ఫ్లైవీలా, బ్యాటరీయా?

కాకినాడ నుంచి కేజీ బేసిన్ రిగ్గులకు సరుకు మోసే సప్లై బోటు. రిగ్గు పక్కన కదలకుండా నిలవాలంటే బోటును అటూఇటూ నెట్టే ప్రొపెల్లర్ల, అంటే థ్రస్టర్ల, లోడు క్షణానికోలా ఉంటుంది. ఆ ఎగుడుదిగుడును మోయడానికి ఫ్లైవీలు, అంటే తిరుగుతూ శక్తిని దాచుకునే బరువైన చక్రం, పెట్టాలా, బ్యాటరీ పెట్టాలా అన్నదే వాదం.

ఎలక్ట్రికల్ ఆఫీసరు: చీఫ్ గారూ, మన రైసుమిల్లుల్లో పాత ఆయిలింజన్లకు అంత చక్రం ఎందుకుండేదండీ? పేలుడుకీ పేలుడుకీ మధ్య ఇంజన్ని లాక్కుపోవడానికే కదా. ఇదీ అదే పని. టన్ను బరువు, మీటరు వ్యాసం ఉన్న ఉక్కు చక్రం నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే 24.7 మెగాజౌళ్లు. వేగం సగానికి పడేలోపు అందులో ముప్పావు వంతు, అంటే 18.5, చేతికొస్తుంది. 500 కిలోవాట్లు 37 సెకన్లు ఇస్తుందండి.

చీఫ్ ఇంజినీరు: నడుస్తున్న జనరేటరు ఆగిపోతే? ఎమర్జెన్సీ జనరేటరు అందుకోవడానికి ఓడల భద్రతా ఒప్పందం సోలాస్ ఇచ్చిన గడువే 45 సెకన్లు అబ్బాయ్. నీ చక్రం అంతవరకైనా ఆగదు.

ఆఫీసరు: ఎమర్జెన్సీ జనరేటరు థ్రస్టర్లను నడపదు కదండీ. మనక్కావాల్సింది స్టాండ్‌బై, అంటే సిద్ధంగా ఉంచిన ఇంకో జనరేటరు. ఇంజన్ చుట్టూ ఉండే జాకెట్ నీరు వేడిగా ఉంచి, లూబ్ ఆయిలు ముందే తిప్పుతుంటే అది అర నిమిషంలో కరెంటు పంచే బస్‌బారు మీదికొస్తుంది. అనవసరపు లోడు తీసేసి 250 కిలోవాట్లకు దించితే చక్రానికి 74 సెకన్లు.

చీఫ్: స్టాండ్‌బై మొదటిసారి అందుకోకపోతే? 170 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అదే 500ని 20 నిమిషాలు మోస్తుంది.

ఆఫీసరు: ఒక్క సెల్లు వేడెక్కి మండితే పక్కవాటికి పాకుతుంది. సీవోటూ వదిలితే మంట తగ్గొచ్చు గానీ లోపలి వేడి తగ్గదు. వేరే గది, మండే వాయువులను డెక్కు మీదికి పంపే డక్టు, అన్నీ కావాలి.

చీఫ్: ఆ భయం నాకూ ఉంది, కాదనను. కానీ చక్రం సంగతి చూడు. ఇరుసు నిలువుగా ఉండి, బోటు 15 డిగ్రీలు, 10 సెకన్లకో ఊగు చొప్పున పక్కలకు దొర్లిందనుకో. తిరిగే చక్రం ఇరుసును వంచితే ఎదురుతిరిగే మెలి, గైరో టార్క్, 13 కిలోన్యూటన్ మీటర్లకొస్తుంది. బేరింగుల మధ్య మీటరు దూరమైతే ఒక్కోదాని మీద 13 కిలోన్యూటన్లు. చక్రం మొత్తం బరువే 10 లోపు! చక్రాన్ని అయస్కాంతంతో తేల్చి ఉంచే మ్యాగ్నెటిక్ బేరింగు ఓడిపోతే రోటరు, అంటే ఆ చక్రం, ఆపద కోసం ఉంచిన టచ్‌డౌన్ బేరింగుల మీద పడుతుంది. పూర్తి వేగంలో అలాంటి పాట్లను అవి లెక్కపెట్టినన్ని సార్లే తట్టుకుంటాయి.

ఆఫీసరు: ఇరుసును బోటు పొడవునా, కీల్ వెంబడి పడుకోబెడితే ఆ దొర్లుడు అంటదండి. ఎదురుబొదురు తిరిగే జంట పెడితే మిగతాదీ రద్దు.

చీఫ్: అక్కడే చాలామంది పొరబడతారు. రద్దయ్యేది పునాది మీద. ముక్కు 5 డిగ్రీలు, 6 సెకన్లకోసారి లేచిపడితే ఒక్కో చక్రానికి 7 కిలోన్యూటన్ మీటర్లు. దాన్ని దేని బేరింగులు అవే మోయాలి. పైగా గాలి రాపిడి లేకుండా చక్రాన్ని వాక్యూమ్‌లో తిప్పాలి. అంచు వేగం సెకనుకు 314 మీటర్లు. సీలు కారి గాలి చొరబడితే రాపిడితో రోటరు కాలిపోతుంది. వాక్యూమ్ బాగుంటే మళ్లీ రోటరు వేడి రేడియేషన్‌గా తప్ప బయటికి పోదు.

ఆఫీసరు: సముద్రం ఎగిసినప్పుడు వేగం 4,500కి దించుదామండి.

చీఫ్: టార్క్ పావు వంతే తగ్గుతుంది. 3,000 దాకా వాడుకునే శక్తి మాత్రం 7.7 మెగాజౌళ్లకు పడిపోతుంది. అంటే 15 సెకన్లు. థ్రస్టర్లు గట్టిగా అడిగేది ఆ సముద్రంలోనే కదా!

ఆఫీసరు: ఆయ్, ఒప్పుకుంటానండి. అయినా లోడు ఒక్కసారి మీదపడ్డప్పుడు ఇంజన్లోకి గాలి నెట్టే టర్బోచార్జరు అందుకునేదాకా ఆ 15 సెకన్లు చాలు.

చీఫ్: ఆ పనికి 8 సెకన్లు, 250 కిలోవాట్లు వేసుకో. 2 మెగాజౌళ్లు. కరెంటును క్షణాల్లో దాచి క్షణాల్లో ఇచ్చే సూపర్ కెపాసిటర్ల ర్యాకు సరిపోతుంది. తిరిగేదేదీ ఉండదు.

ఆఫీసరు: మన ఇంజన్‌రూమ్ వేసవిలో 45 డిగ్రీలు. ప్రతి 10 డిగ్రీలకూ వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. వాటికి చల్లని గది ఎక్కడ చూపిస్తారో ముందు చెప్పండి.