డ్రోన్ కెమెరా గారికి ఒక సౌండ్ అసిస్టెంట్ విన్నపం

మహారాజశ్రీ డ్రోన్ కెమెరా గారికి,

చెన్నై సాలిగ్రామం నుంచి సౌండ్ అసిస్టెంట్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా బ్యాటరీలు నిండుగా, రెక్కలు నాలుగూ సక్రమంగా ఉండి క్షేమమని తలుస్తాను.

తమరు రంగంలోకి దిగాక నీళ్ళ మీద తీసే ప్రతి డాక్యుమెంటరీ ఒకేలా మొదలవుతోంది. తెల్లవారుజాము, కాశీమేడు, వరసగా పడవలు. తమరు నెమ్మదిగా పైకి లేస్తారు. వెనక వేణువు. "సముద్రమే వీరికి తల్లి" అని ఒక బరువైన గొంతు. ఎన్నూరైనా, కోవళమైనా, పులికాట్ అయినా అదే లేవడం, అదే తల్లి. ఆ తల్లి పిల్లలు మాత్రం చివరిదాకా చుక్కలంతే కనపడతారు.

తమరు లేచారంటే మా డిపార్ట్‌మెంట్‌కు టీ బ్రేక్. తమరి రొదలో మైకుకు ఇంకేమీ వినపడదు. అంటే తమరు చూపించే సముద్రం పుట్టు మూగది. తర్వాత ఎడిటింగ్ గదిలో ఎవరో కంప్యూటర్‌లోంచి అలల చప్పుడు తీసి దానికి అతికిస్తారు. ఏ దేశపు అలలో ఆ దేవుడికే ఎరుక.

అలలన్నీ ఒకేలా మోగవు సార్. మెరీనాలో అల ఇసుక మీదికి పాకి, సర్రుమని వెనక్కి పోతుంది. రాయపురం దాటి ఉత్తరానికి వెళ్తే చాలాచోట్ల ఇసుకే లేదు, రాళ్ళ గుట్ట ఉంటుంది. అల వచ్చి రాయిని గుద్దుతుంది, సందుల్లో నీళ్ళు గుడగుడమని తిరుగుతాయి. అక్కడి జనం రాత్రంతా ఆ గుద్దుళ్ళు వింటూ పడుకుంటారు. మన సినిమాలో మాత్రం వాళ్ళ గుమ్మం ముందు హాయిగా ఇసుక అలలు సర్రుమంటాయి.

ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పడానికి తమరికంటే తగినవారు లేరు. ఇక్కడి తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1870ల్లో మద్రాసు హార్బర్ కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టడం మొదలుపెట్టారు. ఇసుక గోడ దగ్గర ఆగిపోయింది. గోడకు దక్షిణాన పేరుకున్నది పేరుకుని మెరీనా అంత వెడల్పయింది. ఉత్తరాన రావలసిన ఇసుక రాక సముద్రం ఒడ్డును కోసుకుంటూ పోయింది. దాన్ని ఆపడానికి రాళ్ళు పోస్తే, కోత ఇంకొంచెం ఉత్తరానికి జరిగింది. మనం ఆదివారం సాయంత్రం సుండల్ తింటూ కూర్చునే ఇసుకకు, అవతల మునిగిన ఇళ్ళకు ఉన్న చుట్టరికం ఇది. నేల మీద నిలబడి దీన్ని చూపించడం కష్టం. నాలుగువందల అడుగుల ఎత్తున ఒక్క షాట్ చాలు.

ఆ షాట్ ఏది? అడిగితే డైరెక్టర్ గారు నా భుజం తట్టి, "తమ్ముడూ, హార్బర్ మీద పర్మిషన్ ఎవరిస్తారు?" అన్నారు. నిజమే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రెడ్ జోన్‌లో ఎగరాలంటే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. గ్రీన్ జోన్‌లో అంత బాధ లేదు. కాబట్టి కథ ఒకచోట ఉంటే తమరు ఇంకోచోట సూర్యోదయం తీస్తారు.

ఇక బిందెల సంగతి. ఉత్తర చెన్నైలో ఒక వీధిలో నీళ్ళ లారీ వచ్చింది. తమరు పైనించి చూసి, రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరుస ముగ్గులా ఉందని మురిసిపోయారు. డైరెక్టర్ గారు మానిటర్ వదల్లేదు. కింద ఆ ముగ్గులో అరవం, తెలుగు కలిపి మహా యుద్ధం జరుగుతోంది. "బోరు నీళ్ళతో పప్పు ఉడికితే నేనెందుకమ్మా ఈ లైన్లో నిలబడతా?" అని ఒకావిడ అరిచింది. భూగర్భ జలాల మీద మేం రాయించుకున్న రెండు పేజీల వ్యాఖ్యానం ఆ ఒక్క మాటకు సరిరాదు. నా రికార్డర్‌లో మాత్రం "బోరు నీళ్ళతో" తర్వాత అంతా తమరే.

2019 వేసవిలో చెన్నైకి తాగునీళ్ళిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండినప్పుడు తమ వర్గానికి పండగే పండగ. పగిలిన నేల పైనించి ఎంత ముచ్చటగా ఉంటుందో లోకమంతా చూసింది. జూలైలో జోలార్‌పేట నుంచి ట్రిప్పుకు 25 లక్షల లీటర్లతో నీళ్ళ రైలు వచ్చింది. ఆ నీళ్ళు ఏ వీధిలో ఎన్ని బిందెలయ్యాయో చెప్పే షాట్ ఏ ఎత్తు నుంచీ దొరకలేదు. తెలుగు గంగ కాలువ మీద మాత్రం తమరు బాగా ఎగురుతారు, ఒప్పుకుంటాను. 1983 ఒప్పందంలో ఏటా 12 టీఎంసీలని రాసుకున్న కృష్ణ నీళ్ళు కాలువలో మెరుస్తుంటే మా చెన్నై తెలుగువాళ్ళకు ఛాతీ ఉబ్బుతుంది. ఎన్ని టీఎంసీలు వచ్చాయో లెక్క అడిగితే తగ్గుతుంది.

ఎన్నూరు వాగులో ఇంకో ఘోరం. థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద చేరిన నీళ్ళు పైనించి వెండిలా మెరిశాయి. "బ్యూటిఫుల్!" అన్నారెవరో. ఆ వెండిలోనే ఇరుళర్ తెగ ఆడవాళ్ళు నోట్లో తాటాకు బుట్ట కరచిపట్టుకుని, నీళ్ళలో చేతులతో తడుముతూ రొయ్యలు పడతారు. వాళ్ళు ఏరుతున్నది రొయ్యలో ముత్యాలో తమరి షాట్‌లో తెలియదు.

తమరికి అద్దె, తమరిని ఎగరేసే ఆయనకు రోజు బత్తా. తమరు ఒక పూట ఎక్కువుంటే ఊళ్ళో వాళ్ళతో మాట్లాడే పూట ఒకటి తగ్గుతుంది. బడ్జెట్‌లో అదొక్కటే కదా సులువుగా తెగేది. కాబట్టి ఈసారి షూటింగ్‌లో, లారీ వచ్చే వేళకు తమరు పెట్టెలో విశ్రాంతి తీసుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి కింద నిలబడేవాడు

తా.క. కాశీమేడు చేపల రేవులో గద్దలుంటాయి. వాటికి గ్రీన్ జోన్, రెడ్ జోన్ తేడా తెలియదు. తమరికి ఇన్సూరెన్స్ ఉందట, నా మైకుకు లేదు. పడేటప్పుడు కాస్త పక్కకు పడగలరు.