ఒకటిన్నర రెట్లు ఎవరికి?

గంజాయి భారీగా పట్టుబడిన ప్రతిసారీ ‘పాత నేరస్థులపై ఉక్కుపాదం’ అన్న ప్రకటన వెలువడుతుంది. చట్టంలో కాఠిన్యానికి కొదవ ఎక్కడుంది? మాదకద్రవ్యాల నిరోధానికి తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ అదే స్థాయి నేరంలో దోషిగా తేలితే శిక్ష ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. 20 కిలోలు మించిన గంజాయికి మొదటిసారి 10 నుంచి 20 ఏళ్లు. రెండోసారి కనీసం 15, గరిష్ఠంగా 30. హెరాయిన్, హషీష్ వంటి కొన్ని మత్తుపదార్థాలు మరీ భారీగా ఉన్న కేసులో రెండోసారి దోషిగా తేలితే ఉరిశిక్షకూ వీలుంది. ఒకప్పుడు అది తప్పనిసరి. 2011లో బొంబాయి హైకోర్టు తప్పుపట్టాక, 2014లో న్యాయమూర్తి విచక్షణకు వదిలారు.

మొదటి శిక్షతో మారనివాడిపై కనికరం ఎందుకన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఈ చట్టం లెక్కపెట్టేది పడిన శిక్షలను. శిక్ష పడుతున్నది ఎవరికి?

పాడేరు, చింతపల్లి కొండదారుల్లో బస్తా భుజానికెత్తుకుని రోడ్డు దాకా దించే గిరిజన యువకుడిని తలచుకోండి. సరుకు అతడి దగ్గరే దొరుకుతుంది, తూకం అతడి ఎదుటే వేస్తారు, పంచనామాలో వేలిముద్ర అతడిదే. జైలు నుంచి వచ్చాక పని దొరక్క మళ్లీ అదే బస్తా ఎత్తితే పదిహేనేళ్లు. ఆ బస్తాకు డబ్బు పెట్టినవాడి పేరు పక్కన ఉండేది ‘పరారీలో ఉన్నాడు’ అన్న రెండే మాటలు. పెట్టుబడి పెట్టినవారికీ 27ఏ సెక్షన్ 10 నుంచి 20 ఏళ్లు విధిస్తుంది. దాన్ని నిరూపించాలంటే బ్యాంకు ఖాతాలు, ఫోను రికార్డులు నెలల తరబడి తవ్వాలి. ఆ శ్రమ పడకపోతే, ఎన్ని లారీలు దాటించినా అతడు చట్టం దృష్టిలో పాత నేరస్థుడు కాడు.

పెంచిన శిక్ష కోరాలంటే పాత శిక్ష వివరాలు, తేదీతో సహా, అభియోగంలో ఉండాలి. మరిచిపోతే శిక్ష విధించే ముందైనా చేర్చవచ్చు. పొరుగు రాష్ట్రంలో పడిన శిక్ష తాలూకు తీర్పు ప్రతిని దర్యాప్తు అధికారి తెప్పించకపోతే ఆరితేరిన రవాణాదారూ కొత్తవాడిగానే బోనెక్కుతాడు.

ఇంకా కఠిన చట్టాలు కావాలంటున్న రెండు తెలుగు రాష్ట్రాల పాలకులు ముందు ఒక లెక్క బయటపెట్టాలి. 27ఏ కింద ఇప్పటిదాకా ఎందరికి శిక్ష వేయించారు? ఒకటిన్నర రెట్ల శిక్ష పడినవారిలో మోతకూలీలు ఎందరు, వ్యాపారులు ఎందరు? అది చెప్పకుండా ఉక్కుపాదం ఊసెత్తే అర్హత వారికి లేదు.