నాయకత్వ శిక్షణకు సదరం చాలదా?

వికలాంగ యువతకు నాయకత్వ శిక్షణ ఇవ్వాలని ఈ మధ్య కొందరు పట్టుబడుతున్నారు. ఏటా జిల్లాకు కొందరు అబ్బాయిల్ని, అమ్మాయిల్ని ఎంపిక చేయాలట. వాళ్లను కొన్నాళ్లు రాష్ట్ర సచివాలయంలో కూర్చోబెట్టి ఫైలు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ నిద్రపోతుందో చూపించాలట. బడ్జెట్ చదవడం, జీవోలోని మెలికలు పట్టుకోవడం, కమిటీలో గొంతెత్తడం నేర్పాలట. ఉద్దేశం మంచిదే. కాకపోతే అడిగేవాళ్లు ఒక సంగతి మర్చిపోతున్నారు. ఇలాంటి శిక్షణ ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచే నడుస్తోంది. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు, వయోపరిమితి అసలే లేదు. దాని పేరు సదరం, అంటే డాక్టర్లు పరీక్షించి వైకల్య ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటు. ఇప్పుడు కేంద్రం వారి వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా వచ్చింది గానీ, జనం నోట్లో మాత్రం ఇంకా సదరమే.

నాయకుడికి మొదట కావాల్సింది సమాచార సేకరణ. వైద్య పరీక్షకు స్లాట్లు ఏ రోజు, ఏ గంటకు తెరుస్తారో ముందే పసిగట్టగలిగినవాడు రేపు ఏ పార్టీలో చేరినా టికెట్ ఎవరికొస్తుందో చెప్పేయగలడు. తెలంగాణలో మీసేవ ముందు, ఆంధ్రలో గ్రామ సచివాలయం ముందు పొద్దున్నే పోగయ్యే జనంలో ఈ విద్య అబ్బుతుంది. "సర్వర్ లేదు, మధ్యాహ్నం రా" అంటాడు లోపలి కుర్రాడు. మధ్యాహ్నం వెళ్తే "స్లాట్లయిపోయినయ్, వచ్చే నెల చూద్దాం" అంటాడు. ఇందులో ఓర్పుంది, వ్యూహముంది, పక్క ఊళ్లో ఎవరికి దొరికిందో, ఎలా దొరికిందో ఆరా తీసే చాకచక్యముంది. ఇవే మూడూ స్టార్ హోటల్లో ప్రొజెక్టర్ పెట్టి నేర్పితే కన్సల్టెన్సీ వాళ్లు లక్షల్లో బిల్లు వేస్తారు. మధ్యలో సమోసా, టీ అదనం.

స్లాట్ దొరికాక క్యాంపు. ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఒకరోజు, చెవుల డాక్టరు ఇంకోరోజు. రెండు సమస్యలూ ఉన్నవాడికి రెండు ప్రయాణాలు. ఆ క్యూ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒక తల్లి పదహారేళ్ల కొడుకును చంకనెత్తుకుని వస్తుంది. వాడి కాళ్లు ఆమె మోకాళ్ల కిందిదాకా వేలాడుతుంటాయి. ఆమె చేతిలో చీరల కొట్టు కవరు. అందులో ఆధార్ జిరాక్సులు, ఎక్స్‌రేలు, ఫొటోలు, చిరిగిపోకుండా లామినేషన్ చేయించిన పాత సర్టిఫికెట్. "ఎవరు చేయించమన్నారమ్మా లామినేషన్? సంతకం మీద మెరుపు కొడుతుంది, ఏం కనపడి చస్తది" అని కౌంటర్లోంచి విసుగు. ఆమె కొడుకును బల్ల మీద దింపి, పక్కనున్నవాళ్లను బ్లేడు అడిగి, ఆ ప్లాస్టిక్కు అంచు వెంబడి కోయడం మొదలుపెడుతుంది, కాగితానికి గీత కూడా పడకుండా. సంక్షోభ నిర్వహణ అనే అంశానికి ఇంతకు మించిన ప్రాక్టికల్ క్లాసు ఏ మేనేజ్‌మెంట్ కాలేజీలో ఉందో నాకు చూపించండి.

తర్వాత మార్కులు, అంటే డాక్టర్లు వేసే వైకల్య శాతం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి 7. చట్టం మనసు విశాలమే. కానీ రిజర్వేషన్, పెన్షన్ లాంటివన్నీ 40 శాతం గీత దాటినవాళ్లకే. 39 వస్తే నీకు కష్టముందని లోకమంతా నమ్ముతుంది, ఖజానా ఒక్కటే నమ్మదు. మన దగ్గర ఇంటర్లో 90 శాతం వస్తే వీధి చివర ఫ్లెక్సీ కడతారు. సదరంలో 90 శాతం వస్తే ఎవడికి ఎంత ఇచ్చావని అడుగుతారు. కార్డుల రంగులు మరీ ముచ్చట. రేషన్ లోకంలో తెల్లకార్డు కోసం కార్లున్నవాళ్లు సైతం పడిగాపులు కాశారు. యూడీఐడీలో 40 లోపువాళ్లకు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, ఆపైన నీలం. అంటే ఇక్కడ తెల్లకార్డు వచ్చినవాడికి వచ్చేది కార్డు మాత్రమే. రాజకీయంలో ఏ రంగు ఎప్పుడు దేనికి గుర్తో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే పునశ్చరణ తరగతులు కూడా పెట్టారు. 2024 జూలై నుంచి వికలాంగుల పెన్షన్ 3 వేల నుంచి 6 వేలైంది, పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్లకు 15 వేలు. ఇది నిజంగా పెద్ద పెంపు, కాదనేవాడు అన్యాయం చేసినట్టే. 2025 జనవరిలో తనిఖీలు మొదలయ్యాయి. మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకు వైద్య బృందాలే వెళ్లాయి, ఆ మర్యాద కూడా ఒప్పుకోవాలి. మిగతావాళ్లను ఆస్పత్రులకు పిలిచారు. ఆగస్టులో నోటీసులొచ్చాయి. నిన్నటిదాకా ఎనభై శాతమున్నవాళ్లు కొందరు నలభై కిందికి దిగిపోయారు. పెన్షన్ రెట్టింపు కాగానే రాష్ట్రంలో వైకల్యం ఇంత వేగంగా తగ్గడం వైద్యశాస్త్రం గమనించదగ్గ విషయం. ఆపరేషన్ లేదు, మందు లేదు, కవర్లో కాగితం పంపితే చాలు. దొంగ సర్టిఫికెట్లు లేవా అంటే బోలెడున్నాయి. ఇప్పించింది దళారీ, సంతకం పెట్టింది డాక్టరు. మళ్లీ వచ్చి నిరూపించుకోమన్నది మాత్రం కాలు లేనివాణ్ని. గోల పెరిగాక, అప్పీలు చేసుకుంటే పెన్షన్ ఆపబోమన్నారు. అప్పీలు అర్జీ రాయడం, కలెక్టరేట్ ముందు బైఠాయించడం, టీవీ మైకు ముందు రెండు ముక్కల్లో విషయం తేల్చేయడం, ఈ మూడూ సిలబస్‌లో కొత్తగా చేరాయి.

ప్రభుత్వానికి ఇంటికి రావడం తెలియదనుకుంటే పొరపాటు. 2024 ఎన్నికల్లో 40 శాతం దాటినవాళ్లు ఇంటి నుంచే ఓటు కోరే ఫారం 12డి నింపితే పోలింగ్ సిబ్బంది ఇంటికే వచ్చి, మంచం పక్కన అట్ట నిలబెట్టి, వీడియో తీసి మరీ ఓటు వేయించుకున్నారు. అది ఎన్నికల సంఘం, రాష్ట్ర ప్రభుత్వం కాదు కదా అని పండితులు సవరిస్తారు. నిజమే. వచ్చిన ఉద్యోగులు మాత్రం వాళ్లే. ఆ జీపుకు ఆ వీధి, ఆ ఇల్లు తెలుసు.

ర్యాంపుల సంగతి టూకీగా చెప్పుకుందాం, లేదంటే తెల్లారిపోతుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది లెక్క. మన కార్యాలయాల్లో ఆ పన్నెండులో మూడో నాలుగో ఇచ్చి, మిగతా జాగాలో తులసికోట కట్టారు. అలాంటి ర్యాంపు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగితే ఆగదు. అందుకే దాని మీద బండ్లు నిలుపుకుంటున్నారు. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ అయిదేళ్లలో అందరికీ అందేలా మార్చాలని చట్టం. 2017లో నిబంధనలొచ్చాయి కాబట్టి ఆ గడువు 2022లో దాటింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు అసలు భవనాలు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల నిబంధనే చట్టానికి విరుద్ధమని తేల్చింది. సలహాలా రాసిపెట్టారు, తప్పనిసరిగా రాయండి, మూడు నెలల్లో రాయండి అని కేంద్రాన్ని ఆదేశించింది. "చేయాలి"కి, "చేస్తే బాగుంటుంది"కి తేడా చెప్పడానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కూర్చోవాల్సి వచ్చింది. మా యువ నాయకులకు ఆ తేడా రెండో అంతస్తులోని సంక్షేమ కార్యాలయం మెట్ల కిందే బోధపడింది.

ఈ బోధనా పద్ధతి ఫలితాలివ్వలేదని ఎవరూ అనలేరు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లానే తీసుకోండి. పదో తరగతి మంచి మార్కులతో పాసై సైన్స్ చదువుతానంటే కుదరదన్నారు. కోర్టుకెక్కాడు. ఆర్నెల్ల తర్వాత, ఏం జరిగినా నీదే పూచీ అన్న షరతు మీద చేర్చుకున్నారు. ఐఐటీ కోచింగ్ సెంటర్లు కూడా రావద్దన్నాయి. అతను అమెరికా వెళ్లి ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. మన విద్యావ్యవస్థ ఆనాడు తలుపు తీసి ఉంటే ఆ కుర్రాడు ఇక్కడే ఏదో కాలేజీలో సర్దుకునేవాడేమో! తలుపు మూయడం కూడా ఒక ప్రోత్సాహక పథకమే. మధ్యలో అబ్దుల్ కలాం గారి 'లీడ్ ఇండియా' యువజన ఉద్యమంలో కూడా అతను చేరాడు గానీ, ఆ సంగతి ఒప్పుకుంటే నా వాదన బలహీనపడుతుంది కాబట్టి వదిలేద్దాం.

ఇంకా పెద్ద ఉదాహరణ జైపాల్‌రెడ్డి గారు. పసితనంలోనే పోలియో. చంకకర్రలతోనే ఉస్మానియాలో విద్యార్థి నాయకుడయ్యాడు, కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు శాసనసభకెళ్లాడు, ఢిల్లీలో కేంద్ర మంత్రయ్యాడు. ఆయన ఇంగ్లిషు వింటే ప్రతిపక్షం కూడా నిఘంటువు తెరిచేది. ఆయనకు ఏ ప్రభుత్వం శిక్షణ ఇచ్చింది? ఇవ్వలేదు. కాబట్టి ఎవరికీ అక్కర్లేదు. ఆయన తర్వాత అంత ఎత్తుకు ఎదిగిన వికలాంగుడి పేరు మన రెండు రాష్ట్రాల్లో ఒకటి చెప్పమంటే సభికులు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అది వాళ్ల ఇష్టం.

పాలనలోకి వస్తామంటే మాత్రం ఆలోచించాల్సిందే. 2024 జూలైలో తెలంగాణలో ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణి సూటిగా అడగనే అడిగారు: వైకల్యమున్న పైలట్‌ను విమాన సంస్థ పెట్టుకుంటుందా, అలాంటి సర్జన్‌ను మీరు నమ్ముతారా, మరి అఖిల భారత సర్వీసుల్లో ఈ కోటా ఎందుకు అని. క్షేత్రస్థాయి పని అంటే మాటలా! కలెక్టర్ గారు క్షేత్రానికి ఎలా వెళ్తారో మనకు తెలియదా? కారు డ్రైవరు నడుపుతాడు, తలుపు బంట్రోతు తీస్తాడు, గొడుగు ఇంకొకరు పడతారు, ఫైలు తహసీల్దారు మోస్తాడు, ప్రశ్నకు జవాబు ఆర్డీవో చెబుతాడు. ఇంత కఠినమైన శారీరక శ్రమ చక్రాల కుర్చీలో కూర్చుని చేయడం అసాధ్యం.

పక్కనున్న తమిళనాడు తొందరపడింది. 2025 ఏప్రిల్‌లో స్థానిక సంస్థల్లో వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేసేందుకు బిల్లులు తెచ్చింది. గ్రామ పంచాయతీల్లోనే పన్నెండు వేలకు పైగా మంది. ఆ రాష్ట్రం భవిష్యత్తు తలచుకుంటే నాకు జాలేస్తోంది. పంచాయతీ సమావేశానికి చక్రాల కుర్చీలో ఒక సభ్యురాలు వచ్చిందనుకోండి, సమావేశం జరిగేది ఏ గదిలో అని అడుగుతుంది. గదికి మెట్లున్నాయని తేలుతుంది. మెట్లు కట్టిన కాంట్రాక్టరెవరని అడుగుతుంది. అతను సర్పంచ్ బావమరిది. ఇలా ఒక్క కుర్చీ వల్ల ఎన్ని కాపురాల్లో చిచ్చు! మన దగ్గర ఆ బెడద లేదు. చట్టప్రకారం వికలాంగుల విషయాలకు రాష్ట్ర సలహా మండలి ఉంది, ఆర్నెల్లకోసారైనా కూర్చోవాలి, అందులో వికలాంగులకూ చోటుంది. యువతకు ఇంత అని మాత్రం ఎక్కడా రాయలేదు. యువత ఎలాగూ స్లాట్ల పనిలో తీరిక లేకుండా ఉంది.

ఇక డిసెంబర్ 3. ఐక్యరాజ్యసమితి 1992లో ప్రకటించిన దినం, మన జిల్లా కేంద్రాల్లో ఘనంగా జరుగుతుంది. అదొక్కటి చూస్తే చాలు, నాయకత్వం మీద ఇంక సందేహాలుండవు. పదింటికి సభ అంటే ఎనిమిదింటికే హాస్టల్ పిల్లలను తెచ్చి కూర్చోబెడతారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు వస్తారు. ఈలోగా అంధుల పాఠశాల పిల్లలు స్వాగత గీతాన్ని మూడుసార్లు రిహార్సల్ చేస్తారు, మూత్రానికి వెళ్లాల్సినవాళ్లు బిగబట్టుకుంటారు, ఎందుకంటే మరుగుదొడ్డి మెట్ల పైన. వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చిన కుర్రాణ్ని వేదిక మీదికి పిలుస్తారు. వేదికకు మెట్లే. ఇద్దరు వాలంటీర్లు అతన్ని కుర్చీతో సహా పైకెత్తుతారు. ఫొటోగ్రాఫర్ "కొంచెం ఆగండన్నా, అట్లనే పట్టుకోండి" అంటాడు. కుర్రాడు గాల్లో, జ్ఞాపిక మంత్రిగారి చేతిలో, శాలువా మధ్యలో. ఎంతటి నాయకుణ్నయినా జనం భుజాలకెత్తుకోవాలంటే గెలిచేదాకా ఆగాలి. ఇతనికి పోటీ చేయకుండానే ఆ వైభవం దక్కింది. ఏమీ నచ్చనివాళ్లు ఇందులో కూడా తప్పులు వెతుకుతారు.

నేను చూసిన ఒక సభలో ప్రసంగాలయ్యాక "ఎవరైనా మాట్లాడతారా" అని అడిగారు. మూడో వరసలోంచి ఒక బధిర యువతి లేచింది. చేతులతో చాలాసేపు, వేళ్లు విరుస్తూ, ఒక్కో అంశం లెక్కపెడుతూ ఏదో అడిగింది. సైగల భాష చెప్పేవాళ్లను ఆ రోజుకు పిలవలేదు. పక్కనున్న స్నేహితురాలు తెలిసినంత మేర గొంతు పెంచి చెప్పింది: బ్యాక్‌లాగ్ పోస్టుల్లో బధిరుల రోస్టర్ పాయింట్లు, అంటే వాళ్ల వంతు ఉద్యోగాలు, ఎందుకు నింపలేదని, ఆ లెక్క ఎవరి దగ్గరుందని. అప్పటికే మైకులో వందన సమర్పణ మొదలైంది. అతిథి గారు ఆమె చేతుల వంక ఆప్యాయంగా చూసి, తనూ రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు. హాలంతా చప్పట్లు. మర్నాటి పత్రికా ప్రకటనలో రాశారు: పెన్షన్ పెంచినందుకు ఒక బధిర యువతి ప్రభుత్వానికి సైగలతో కృతజ్ఞతలు తెలిపింది.