నడక ఒక్కటే చాలదు

65 దాటినవారికి రోజూ నడక చాలన్న వ్యాసకర్త మాటతో సగమే ఏకీభవిస్తాను. మా అమ్మకు మోకాలి మార్పిడి జరిగిన మర్నాడే ఫిజియోథెరపిస్టు వాకర్ ఇచ్చి నాలుగడుగులు వేయించారు. అసలు పని ఇంటికొచ్చాకే మొదలైంది. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని అదిమిపట్టి తొడ కండరం బిగించి అయిదు లెక్కపెట్టాలి. రోజూ మూడు పూటలా అదే. "ఈ కాలు నాది కాదురా" అని విసుక్కునేది, పాపం. నొప్పికి భయపడి కదలకపోతే కీలు బిగుసుకుపోతుంది, తొడ సన్నబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ వయసువారికి నడకతోపాటు వారానికి కనీసం 2 రోజులు కండరాల బలానికి, 3 రోజులు తూలిపడకుండా ఉండేందుకు వ్యాయామాలు చేయమంటోంది. వ్యాసంలో ఆ ముక్కే లేదు. అమ్మ మొన్న డాబా ఎక్కి వడియాలు పెట్టింది, ఒక చేత్తో పిట్టగోడ పట్టుకునే అనుకోండి.