పోస్టులు లేని పాఠ్యాంశం

తెలంగాణ ప్రభుత్వం 2024లో 11,062 ఉపాధ్యాయ పోస్టులకు డీఎస్సీ నిర్వహించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిపింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన అభ్యర్థులకు ఊరటనిచ్చిన ఈ రెండు నియామకాలూ స్వాగతించదగినవే. అయితే స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు), వ్యాయామ ఉపాధ్యాయులు అంటూ సాగిన ఆ జాబితాల్లో డ్రాయింగ్ మాస్టారికి గానీ, సంగీతం టీచరుకు గానీ చోటు దక్కలేదు. రెండు రాష్ట్రాల్లో కలిపి 27 వేలకు పైగా కొలువులు భర్తీకి వచ్చినా కళావిద్య ప్రస్తావనే లేకపోవడాన్ని పొరపాటుగా కొట్టివేయలేము. బడిలో కళలకు ప్రభుత్వాలు ఇస్తున్న స్థానమేమిటో ఆ ప్రకటనలే తేటతెల్లం చేశాయి.

విధాన పత్రాల్లో మాత్రం కళలకు లోటు లేదు. కళావిద్యను పదో తరగతి వరకు తప్పనిసరి చేయాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి మించి విద్యార్థులున్న ప్రతి బడికీ కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి నియమించాలని 2009 విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులోనే రాసింది. పాఠ్యాంశాలకూ పాఠ్యేతర అంశాలకూ నడుమ గోడలు ఉండరాదని 2020 జాతీయ విద్యావిధానం ప్రకటించింది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ నిరంతర సమగ్ర మూల్యాంకనం కింద ‘కళలు, సాంస్కృతిక విద్య’కు గ్రేడు ఇస్తున్నారు. బోధించేవారు లేని బడిలో ఆ గ్రేడును ఎవరో ఒక ఉపాధ్యాయుడు అంచనాగా వేయవలసి వస్తున్నది. టైంటేబుల్లో పేరుకు ఒక పీరియడ్ ఉన్నా, పదో తరగతికి వచ్చేసరికి అది లెక్కలకో సైన్సుకో పోతున్నది. నేర్పని విద్యకు గ్రేడు వేయడం ఆ పిల్లలకూ, ఆ ఉపాధ్యాయుడికీ చేస్తున్న అన్యాయమే.

ఒకప్పుడు పరిస్థితి ఇలా ఉండేది కాదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారు, క్రాఫ్ట్ టీచరు, చాలాచోట్ల సంగీతం టీచరు కూడా ఉండేవారు. వారు రిటైరైన కొద్దీ ఖాళీలు అలాగే మిగిలిపోతున్నాయి. ఉన్న కొద్దిమందికీ బడిలో ఇతర పనులే ఎక్కువగా అప్పగిస్తున్నారు. విచారకరమైన విషయం ఇంకొకటి ఉంది. డ్రాయింగ్‌లోనూ సంగీతంలోనూ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలను ప్రభుత్వమే జరుపుతుంది. ఉత్తీర్ణులైన వారికి వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణనూ ప్రభుత్వమే ఇస్తుంది. అభ్యర్థులు ఫీజులు కట్టి, మండుటెండల్లో శిక్షణ పొంది, సర్టిఫికెట్లు చేతబట్టుకుని బయటికి వస్తున్నారు. ఆ అర్హత అక్కరకు వచ్చే పోస్టును మాత్రం జిల్లా పరిషత్ బడుల్లో ప్రకటించడం లేదు. నియమించే ఉద్దేశం లేకుండా ఏటా శిక్షణ ఇవ్వడం ఆ యువతను నమ్మించి మోసగించడమే అవుతుంది.

ఒక్క గురువు, ఒక్క విద్యాసంస్థ ఏమి చేయగలవో తెలుగునేలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు చేతిలోని ప్రతిభను గుర్తించి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేందుకు తోడ్పడ్డారు. రామారావు తిరిగి వచ్చి తన ఊళ్లోనే చిత్రకళా పాఠశాల నెలకొల్పారు. 1925లో 28 ఏళ్లు నిండకముందే కన్నుమూసినా, ఆంధ్ర చిత్రకళ ఆయన వేసిన బాటలో చాలాకాలం నడిచింది. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. 1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులయ్యారు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ బోధించారు. మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ ఘంటసాల చదువుకున్నది అక్కడే. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రవాడు గొప్ప గాయకుడు కావడానికి, నేర్పే గురువులూ వారికి జీతమిచ్చే సంస్థా అతనికి అందుబాటులో ఉండటమే కారణం. ప్రతిభ ఎక్కడో ఒకచోట దానంతట అదే బయటపడుతుందని నమ్మేవారు ఈ చరిత్రను మరొకసారి చదవాలి.

నేడు కళావిద్య డబ్బున్న ఇళ్ల పిల్లల సొంతమవుతున్నది. నగరాల్లో నెలనెలా ఫీజు కట్టగలిగిన వారు పిల్లలను డాన్సు క్లాసులకూ సంగీతం క్లాసులకూ పంపుతున్నారు. కాలిఫోర్నియాలో తెలుగువారు స్థాపించిన యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్రలో కూచిపూడి నృత్యానికి పీజీ కోర్సే ఉంది. అది గర్వించదగినదే. కానీ కృష్ణా జిల్లాలోని ఒక ప్రభుత్వ బడి పిల్లకు ఆ నృత్యంలోని తొలి అడుగులు నేర్పేవారు బడిలో లేకపోవడాన్ని ఎలా సమర్థించుకోగలం?

ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి వాచకం చదవలేకపోతున్న రోజుల్లో బొమ్మలకూ పాటలకూ డబ్బెక్కడిదని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసివేయలేము. చదవడం, రాయడం, లెక్కలు చేయడం బడి తొలి బాధ్యత అన్నదానిలో సందేహం లేదు. అయితే పాట వస్తే లెక్కలు బాగా వస్తాయి కాబట్టి పాట నేర్పాలన్న వాదన మాత్రం ఈ పత్రికకు సమ్మతం కాదు. ఇతర సబ్జెక్టులకు ఊతకర్రగా పనికివచ్చినా రాకపోయినా కళ పిల్లల హక్కు. దానిని ఆ హక్కుగానే చూసి బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి.

భారం కూడా మోయలేనిదేమీ కాదు. ప్రతి బడికీ ఒక్కసారిగా ఇద్దరేసి బోధకులను ఇవ్వలేకపోతే, ముందుగా ప్రతి స్కూల్ కాంప్లెక్సుకు ఒక చిత్రకళా ఉపాధ్యాయుణ్ణి, ఒక సంగీత లేదా నృత్య ఉపాధ్యాయుణ్ణి నియమించవచ్చు. చుట్టుపక్కల బడులు ఉపాధ్యాయులను పంచుకునే ఈ ఏర్పాటును జాతీయ విద్యావిధానమే సూచించింది. సమగ్ర శిక్ష పథకంలో ఖర్చును కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. కళావిద్యా బోధకుల వేతనాలకు అందులో వీలుంది కనుక, కేంద్రానికి పంపే వార్షిక ప్రణాళికలో రాష్ట్రాలు వాటిని పూర్తిస్థాయిలో అడగాలి. తెలంగాణ గురుకులాలకు 2023లో ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ టీచర్ల పోస్టులు ప్రకటించారు. గురుకులాల్లో సాధ్యమైనది జిల్లా పరిషత్ బడుల్లో ఎందుకు సాధ్యం కాదో విద్యాశాఖ చెప్పాలి. వీటన్నిటికీ విద్యాశాఖ పద్దుల్లో కళావిద్య పేరిట విడిగా ఒక పద్దు ఉండాలి. అప్పుడే ఎంత కేటాయించారో, ఎంత ఖర్చు చేశారో శాసనసభ అడగగలుగుతుంది.

జానపద కళాకారుల విషయంలో ప్రభుత్వాలు చేస్తున్నది వయసు మళ్లాక పింఛను ఇవ్వడం. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు 2024 నుంచి నెలకు రూ.4,000 అందుతున్నది. ఆ సాయం ఉండవలసిందే. కానీ చేతిలో సత్తువ ఉన్న ఏళ్లలో వారిని పక్కనున్న బడికి పిలిచి, వారానికి కొన్ని గంటలు నేర్పించి, ఆ గంటలకు వేతనం ఇస్తే విద్య కూడా తరువాతి తరానికి చేరుతుంది. చేర్యాల నకాశీ చిత్రకారులు, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు, ఏటికొప్పాక లక్క పనివారు మన జిల్లాల్లోనే ఉన్నారు.

ఇందుకు అడ్డం వచ్చేది డబ్బు కంటే విద్యార్హత నిబంధనే. నారాయణపేట జిల్లాకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. సర్టిఫికెట్లు అడిగే నియామక నిబంధనల కింద అలాంటి వారెవరూ బడిలో పాఠం చెప్పడానికి అర్హులు కాలేరు. సాంస్కృతిక శాఖ ప్రతినిధులతో జిల్లా స్థాయి కమిటీ వేసి, ఆ కమిటీ ధ్రువీకరించిన కళాకారులను గంటల ప్రాతిపదికన బోధకులుగా తీసుకునేందుకు రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇవ్వాలి. ఉత్తర్వు ఇవ్వడానికి బడ్జెట్ కోసం ఆగనక్కర్లేదు. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా దానిని వెలువరించవచ్చు.