మహారాజశ్రీ అడ్డచుట్ట గారి సముఖమునకు

పర్లాకిమిడి నుండి నమస్కరించి వ్రాయునది ఏమనగా:

సరిహద్దుకు అటు శ్రీకాకుళం జిల్లాలోనూ, ఇటు ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనూ తమరిని నిప్పు కొన నోట్లో పెట్టుకొని కాల్చే గౌరవం ఎక్కువగా ఆడవాళ్లకే దక్కింది. పొలంలో గాలికి తమరు ఆరిపోరు, బూడిద పని మీద రాలదు, రెండు చేతులూ నాట్లకు ఖాళీగా ఉంటాయి. కాల్చేవారి నోరు తెరిపిస్తే అంగిలి తెల్లగా మందమెక్కి, లాలాజలం ఊరే రంధ్రాల దగ్గర ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. దాన్ని వేడి చేసిందని తేల్చి మజ్జిగ తాగిస్తారు.

తమరి పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. తమ పొగలోని బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారకం తనంతట తాను డీఎన్ఏ జోలికి పోదు. నీటిలో కరగని ఆ చుట్టాన్ని మర్యాదగా సాగనంపుదామని కణంలోని ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. ఆ మర్యాదల నడుమ పుట్టే డయోల్ ఎపాక్సైడ్ మాత్రం గుమ్మం దాటకుండా డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌ను పట్టుకొని కూర్చుంటుంది. కణం విభజనకు సిద్ధపడి డీఎన్ఏకు నకలు తీసేటప్పుడు ఆ గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ బదులు అడినిన్ చేరవచ్చు. మరుసటి నకలులో గ్వానిన్ ఉండవలసిన చోట థైమిన్ స్థిరపడిపోతుంది. కత్తిరించి అతికే మరమ్మతు కణానికి తెలియనిది కాదు, కానీ అది పూర్తయ్యేలోపే తమరు మళ్లీ వెలుగుతారు.

"మా మామ్మ తొంభై ఏళ్లు కాల్చింది, ఏమైంది?" అని తమ తరఫు వకీళ్లు అడుగుతారు. 1996లో ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలకు, అంటే ప్రయోగాల కోసం తరతరాలుగా పెంచుతున్న హీలా అనే క్యాన్సర్ కణాలకూ శ్వాసనాళపు కణాలకూ, ఈ ఎపాక్సైడ్‌నే పట్టించి చూశారు. దెబ్బతిన్న కణం విభజనను ఆపించే పీ53 జన్యువులో 157, 248, 273 కోడాన్ల (మూడేసి అక్షరాల మాటల) దగ్గర అది గట్టిగా అతుక్కుంది; ఊపిరితిత్తుల క్యాన్సర్ కణితుల్లో తరచుగా చెడి కనిపించేవీ ఆ చోట్లే. ఆ పళ్లెంలో ఎండ లేదు, వేడి చేసే తిండి లేదు, సాక్ష్యానికి మామ్మ కూడా లేదు.

సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక బొమ్మ ఉంటుంది; సంతలో దారంతో కట్టిన కట్టకు దాన్ని ఎక్కడ అంటిస్తారు? కనుక నోట్లోకి వెళ్లేముందు తమరే తమ పొగలోని పదార్థాల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ చదివి వినిపించవలసిందిగా ప్రార్థన. బెంజోపైరీన్‌తో మొదలుపెట్టండి, పొగాకులోని మరో క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్ల వంతు వచ్చేసరికి నిప్పు దానంతటదే ఆరిపోతుంది.

ఇట్లు,
తమ విధేయుడు