తప్పంతా వానదే

ఏటా ఇదే గొడవ. సబ్సిడీ విత్తనాలు అదనుకు రాలేదని, ఎరువు ఇంకా ఓడ దిగలేదని, రైతులు రోడ్డెక్కారని వార్తలు. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తిడుతుంది. ప్రభుత్వం గత ప్రభుత్వాన్ని తిడుతుంది. గత ప్రభుత్వమే ఇప్పటి ప్రతిపక్షం కాబట్టి లెక్క అక్కడికి సరిపోతుంది. ఇంత రచ్చలోనూ అసలు దోషిని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనడం లేదు. నేను అంటున్నాను. తప్పంతా వానదే.

నిష్పక్షపాతంగా ఆలోచించండి. ప్రభుత్వానికి ఒక పద్ధతి ఉంది. ముందు బడ్జెట్ పాసవ్వాలి, ఆ తర్వాత టెండర్ పిలవాలి. టెండర్ రానివాడు కోర్టుకెళ్తాడు, అది అతని హక్కు. కోర్టు తేల్చాక బ్యాంకులో డాలర్లు ఉండాలి, డాలర్లుంటే ఓడ బయల్దేరుతుంది, ఓడ వస్తే రేవులో చోటు దొరకాలి. ఆ తర్వాత లారీలు, గోడౌన్లు, లబ్ధిదారుల జాబితా, ఆ జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లు తీసేసి బతికున్నవాళ్లవి ఎక్కించడం. చివరగా మంత్రిగారి తీరిక. మొదటి బస్తా ఆయన చేతుల మీదుగానే వెళ్లాలి కదా. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. ఒకే బస్తాను ఏడుగురు పట్టుకుని కెమెరా వైపు నవ్వుతుంటారు. అందులో రైతు ఎవరో పోల్చుకోవడం కష్టమేం కాదు. నవ్వకుండా బరువు మోస్తున్నవాడే రైతు.

ఇంత పద్ధతిగా నడిచే వ్యవస్థ ముందు వాన ఏం చేస్తోంది? మబ్బు పట్టింది, కురిసింది, పోయింది. ఏ శాఖను అడిగి కురిసింది? ముందస్తు సమాచారం ఏది? పైగా వాన పడ్డాక నేలలో పదును నాలుగైదు రోజులే ఉంటుందని, ఆలోపే విత్తు పడాలని రైతులు పట్టుబడతారు. నాలుగైదు రోజులు! ఒక ఫైలు ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదకు జరగడానికి పట్టే సమయం అది. అదీ మధ్యలో ఆదివారం రాకపోతే.

మూడు నెలల ముందే కొని పెట్టుకోవచ్చు కదా అని కొందరు తెలివైనవాళ్లు అడుగుతుంటారు. వీళ్లెప్పుడూ ఆడిట్‌కి జవాబు రాసినవాళ్లు కారు. ఆలస్యంగా కొన్న అధికారిని ఎవరూ ఏమీ అనరు. ముందే కొన్నవాణ్ని మాత్రం ఎందుకంత తొందర, ఎవరితో మాట్లాడుకున్నావు, నిధులు విడుదల కాకుండానే సంతకం ఎలా పెట్టావు అని పదేళ్లు అడుగుతూనే ఉంటారు. ఆలస్యం అమృతం విషం అన్నవాడు రైతై ఉంటాడు, ఉద్యోగి మాత్రం కాడు.

సబ్సిడీ విషయంలో లోకానికి పాఠం చెప్పిన దేశం ఆఫ్రికాలోని మలావీ. ఘోరమైన కరువు చూశాక, విదేశీ దాతలు వద్దంటున్నా వినకుండా 2005-06లో సబ్సిడీ కూపన్ల పథకం మొదలుపెట్టింది. చిన్న రైతుకు 50 కిలోల ఎరువు బస్తాలు రెండు, కాసిన్ని మొక్కజొన్న విత్తనాలు. ఒక బస్తా విత్తేటప్పుడు వేసేది, రెండోది పైరు ఎదిగాక వేసే యూరియా. పంట విరగపండింది, ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. (ఆ ఏడు వానలు కూడా బాగా పడ్డాయి. దాని సంగతి ఎత్తితే నా వాదనకు అడ్డం కాబట్టి వదిలేద్దాం.) 2008-09 నాటికి ఈ ఒక్క పథకమే ఆ దేశ బడ్జెట్లో దాదాపు 16 శాతం మింగేసింది. 2020లో పథకానికి కొత్త పేరు పెట్టారు. పేరు మారితే పథకానికి వయసు తగ్గుతుంది, పాత బాకీలు గుర్తురావు.

2022లో అదే దేశం ఎరువు కోసం బ్రిటన్లోని ఒక కంపెనీకి ముందుగానే డబ్బు కట్టింది. ఎరువు రాలేదు. ఆరా తీస్తే ఆ కంపెనీది మాంసం వ్యాపారమని తేలింది. వ్యవసాయ మంత్రి పదవి ఊడింది. ఇది అన్యాయం. మాంసం కొట్టుకీ ఎరువుకీ సంబంధం లేదనేవాళ్లకు వ్యవసాయం తెలియదు. ఎముకల పొడి ఎరువు కాదా? అందులో భాస్వరం లేదా? ఆ మంత్రిగారు కాస్త మూలాల్లోకి వెళ్లి ఆలోచించారంతే.

మందకొడి అంటూ ఆఫ్రికా దేశాలను అనడం కూడా తగదు. 2006 జూన్‌లో వాళ్లంతా నైజీరియా రాజధాని అబుజాలో కూర్చుని, హెక్టారుకు సగటున 8 కిలోలున్న ఎరువు వాడకాన్ని 2015 కల్లా 50 కిలోలకు పెంచుతామని తీర్మానించారు. 2015 చెప్పిన టైముకే వచ్చింది, ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. 50 కిలోలు రాలేదు. 2024లో నైరోబీలో మళ్లీ కూర్చున్నారు. ఈసారి గడువు 2034.

అబుజాలో ఇంకో మంచి మాట కూడా రాసుకున్నారు. ఎరువు అనేది సరిహద్దులు లేని సరుకు అని. సుంకాలు ఎత్తేయాలన్నది దాని ఉద్దేశం. ఈ తీర్మానాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసినవాళ్లు దొంగ రవాణాదారులు. సరిహద్దుకు ఇవతల సబ్సిడీ బస్తా చవక, అవతల సబ్సిడీ లేని బస్తా ప్రియం. ఇక ఆ బస్తాను ఆపడం ఎవరి తరం? అది రాత్రిపూట బయల్దేరుతుంది, ఏ ఫారమూ నింపదు, తెల్లారేసరికి పొలంలో ఉంటుంది. ప్రభుత్వ లారీ కూడా ఇదే దారి పట్టి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే వచ్చేది కాదు.

సబ్సిడీ ఎరువు పాత పద్ధతిలో 11 శాతం రైతులకే అందేదని నైజీరియా వ్యవసాయ మంత్రిగా పనిచేసిన అకిన్‌వుమీ అడెసినా చెప్పేవారు. మిగతాది ఏమైంది? ఎవరికీ తెలియదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. అందుకని 2012లో రైతు ఫోన్‌కే కూపన్ పంపే పద్ధతి తెచ్చారు. మంచి ఆలోచనే. ఇక రైతు వెతుక్కోవాల్సింది ఎరువు ఒక్కటే కాదు, సిగ్నల్ కూడా.

భారతదేశంలో ఫోన్ కాదు, వేలిముద్ర. దుకాణంలో చిన్న మిషన్ ఉంటుంది, దాని మీద వేలు పెడితే బస్తా ఇస్తారు. ఇక్కడ కాసేపు ఆగి దగ్గరగా చూడాలి. రైతు బొటనవేలు పెట్టాడు. మిషన్ ఎర్రలైటు వేసింది. వేలు పంచెకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎర్రలైటే. చూపుడు వేలు పెట్టమన్నారు, ఎడమచెయ్యి పెట్టమన్నారు, నీళ్లతో కడిగి రమ్మన్నారు. ముప్పై ఏళ్లు పార పట్టిన చేతికి గీతలెక్కడివి, అరిగిపోయాయి. వెనక నిలబడ్డ కుర్రాడు ఏనాడూ పొలం మొహం చూసినవాడు కాదు, పొలం మాత్రం అతని పేరు మీదే ఉంది. వేలు పెట్టగానే పచ్చలైటు. అధికారులు దీన్ని సాంకేతిక లోపం అంటున్నారు గానీ, నా లెక్కలో ఇంత కచ్చితమైన పరీక్ష ఇంకోటి లేదు. ముద్ర పడనివాడే రైతు.

ఆ మిషన్ పెట్టిన పద్ధతి పేరు నేరుగా లబ్ధి బదిలీ. 2018 నాటికి దేశమంతా వచ్చింది. రైతు బస్తా కొన్నట్టు మిషన్లో నమోదవ్వగానే సబ్సిడీ డబ్బు నేరుగా వెళ్లిపోతుంది. రైతు ఖాతాకు కాదు, ఎరువుల కంపెనీకి. నేరుగా అన్నారు, ఎవరికో అనలేదు.

అదే ఏడాది వచ్చిన ఇంకో సంస్కరణకైతే నేను చేతులెత్తి మొక్కుతాను. యూరియా వాడకం మితిమీరుతోందని గమనించారు. రైతు కిలోల్లో కాదు, బస్తాల్లో లెక్కేస్తాడని కూడా గమనించారు. దాంతో 50 కిలోల బస్తాను 45 కిలోలు చేశారు. ఎకరానికి రెండు బస్తాలు వేసే రైతు రెండే వేస్తాడు, పది కిలోలు మిగులుతుంది. రైతుకు లెక్కలు రావన్న గట్టి నమ్మకం మీద నిలబడ్డ పథకం ఇది. దీన్ని ఇక్కడితో ఆపడం నాకు నచ్చలేదు. బస్తాను కిలోకు దించితే ఎరువు సమస్య అక్కడికక్కడే తీరేది. గంటకు నలభై నిమిషాలు పెట్టుకుంటే కరెంటు సమస్య కూడా.

ఇక శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతినే ఆపేసింది. అసలు ఎరువే లేకపోతే ఆలస్యం ఎక్కడిది? నవంబరు కల్లా నిషేధం వెనక్కి తీసుకున్నారు. ఆ సీజన్ వరి దిగుబడి మాత్రం వెనక్కి రాలేదు.

మళ్లీ మన ముద్దాయి దగ్గరికి వద్దాం. వాన తొందరపడటం వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. విత్తేటప్పుడు వేర్ల దగ్గర పడాల్సిన భాస్వరం మొక్క మోకాలెత్తు వచ్చాక దిగుతుంది. భాస్వరానికి నేలలో నడిచే అలవాటు లేదు, వేసిన చోటే కూర్చుంటుంది. స్వభావరీత్యా అది ప్రభుత్వ ఉద్యోగి. యూరియా అలా కాదు. అందులో 46 శాతం నత్రజని ఉంటుంది, తడి ఆరుతున్న నేల మీద పైపైన చల్లితే కొంత భాగం అమ్మోనియా అయి గాల్లో కలిసిపోతుంది. దీన్ని వృథా అనడం నాకిష్టం లేదు. ఆ నత్రజని వచ్చిందే గాల్లోంచి. 1913లో జర్మనీలో హేబర్-బాష్ పద్ధతి ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి గాలిని పట్టుకుని, బొగ్గో సహజవాయువో తగలేసి, ఎరువు చేస్తున్నాం. సముద్రాలు దాటించి పొలానికి తెస్తే అది పుట్టింటికి పోతానంటుంది. పోనీ పాపం. దారిఖర్చులు ప్రభుత్వమే పెట్టుకుంటోందిగా.

విత్తనాల మీద వేసే నింద కూడా నిలవదు. సంచి మీద రాసిన మొలక శాతం అబద్ధమని రైతులు అంటున్నారు. అబద్ధం కాదు, మొలిచాయి. గోడౌన్ కప్పు కారడంతో అక్కడే మొలిచాయి. వాన చూడగానే మొలవాలని విత్తనానికి తెలుసు, పొలం చేరేదాకా ఆగాలని ఎవరూ చెప్పలేదు.

అదను దాటాక బస్తా అందుకున్న రైతు ఏం చేస్తాడు? చేతులు కాలాక పట్టుకున్న ఆకుల్లా దాన్ని పట్టుకుని కాసేపు నిలబడతాడు. ఈలోగా పక్కనే వ్యాపారి కనిపిస్తాడు. విత్తనం కోసం చేసిన అప్పు కూడా అతని దగ్గరే ఉంటుంది. బస్తా అటునుంచటే వెళ్లిపోతుంది, నీరున్న పెద్ద కమతానికి చేరుతుంది. ఆ తర్వాత ఒక నివేదిక వస్తుంది. చిన్న రైతులు సబ్సిడీ ఎరువును అమ్ముకుంటున్నారని, వాళ్లకు అవగాహన తరగతులు పెట్టాలని. ఆ తరగతులకు నిధులు మాత్రం టైముకి విడుదలవుతాయి. అవగాహన ఓడలో రాదు కదా.

ఇదంతా చదివి ప్రభుత్వానికి చేతకాదనుకుంటే పొరపాటు. ఎన్నికల ఏడు చూడండి. బస్తా వానకంటే ముందొస్తుంది, జాబితాలో చచ్చినవాళ్లు లేస్తారు, లారీకి రాత్రి పగలు తేడా ఉండదు. ఎందుకు? పోలింగ్ తేదీ ముందుగానే ప్రకటిస్తారు. పద్ధతిగా నడుచుకునేవాళ్లకు ప్రభుత్వం ఎప్పుడూ సహకరిస్తుంది. వాన కూడా తన షెడ్యూలు ప్రకటించి, నామినేషన్లు వేసి, ప్రచారానికి మూడు వారాలు టైమిస్తే ఎవరు కాదంటారు?

కాబట్టి నా విన్నపం ఒక్కటే. సబ్సిడీని సంస్కరించే పని మానేసి వానను సంస్కరించండి. ఆర్థిక సంవత్సరానికి అనుగుణంగా రుతువులు సవరించండి. టెండర్ ఖరారు కాకముందే కురిసిన వానను అనధికార వర్షపాతంగా ప్రకటించి, దాంతో మొలిచిన పైరుకు ఏ పథకమూ వర్తించదని జీవో ఇవ్వండి.

ఊహించుకుంటేనే ముచ్చటగా ఉంది. కమిటీ కూర్చుంటుంది, సంజాయిషీ ఇమ్మని వానకు నోటీసు వెళ్తుంది. విచారణ రోజున ఎండ కాస్తుంది, ముద్దాయి హాజరు కాదు. వచ్చేది ముందురోజు రాత్రి. గోడౌన్ తాళం ఉన్న గుమాస్తా సెలవులో ఉంటాడు, బస్తాలు పట్టా కూడా కప్పని లారీలోనే ఉంటాయి. తెల్లారేసరికి యూరియా రాయిలా గడ్డకడుతుంది. కంగారేం లేదు, సుత్తులకు కూడా సబ్సిడీ ఉంది. దరఖాస్తులు కోతలయ్యాక తీసుకుంటారు.